ఏడు గంటల నిద్ర కన్నా ఆరు గంటలే మేలా? 90 నిమిషాల లెక్కలో తప్పులు

"నిద్ర 90 నిమిషాల చక్రాల్లో నడుస్తుంది. ఆరు గంటలంటే సరిగ్గా నాలుగు చక్రాలు. ఏడు గంటలు పడుకుంటే అయిదో చక్రం మధ్యలో లేస్తారు, రోజంతా మత్తుగా ఉంటుంది. కాబట్టి ఏడు కన్నా ఆరే మంచిది." చాలామంది షేర్ చేస్తున్న సందేశం ఇది. దీన్ని నమ్మి చేతులారా గంట నిద్ర పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

ముందు ఆ 90 సంగతి. రెప్పల కింద కళ్లు చకచకా కదిలే రెమ్ దశను 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు వెల్లడించారు. తేలిక నిద్ర, గాఢ నిద్ర, రెమ్ రాత్రంతా మార్చి మార్చి వస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 90 అన్నది ఆ చక్రాల సగటు మాత్రమే. ఒకటి 70 నిమిషాల్లోనే ముగియవచ్చు, మరొకటి 120 దాకా సాగవచ్చు, అదీ ఒకే మనిషికి ఒకే రాత్రిలో. చక్రానికి పది నిమిషాల తేడా వచ్చినా నాలుగు చక్రాలకు 40 నిమిషాలు. పైగా పడుకున్న నిమిషంలోనే నిద్ర పట్టదు కదా!

మెదడులో 90 నిమిషాలకోసారి మోగే గంట ఏదీ లేదు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో, ముందు వైపున నిద్ర రప్పించే కొన్ని కణాలు మెలకువ కేంద్రాలను అణచివేస్తాయి, ఆ కేంద్రాలు తిరిగి వీటిని అణచివేస్తాయి. ఏది గెలిస్తే ఆ స్థితి. ఈ పోరు అటూ ఇటూ ఊగిపోకుండా ఓరెక్సిన్ అనే రసాయనం నిలబెడుతుంది. దాన్ని తయారుచేసే కణాలు నశిస్తే పగలు కూడా ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బు వస్తుంది, ఆ రోగులు మెలకువ నుంచి నేరుగా రెమ్‌లోకి జారిపోతుంటారు. రెమ్ మొదలవ్వాలంటే మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో నోరెపినెఫ్రిన్, సెరటోనిన్ అనే రసాయనాలు విడుదల చేసే కణాలు దాదాపు మౌనం వహించాలి, ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం పెరగాలి. గాఢ నిద్ర ఎంత వస్తుందన్నది మనం ఎంతసేపు మేలుకొని ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నిన్న రాత్రి జాగారం చేస్తే ఇవాళ గాఢ నిద్ర పెరుగుతుంది, చక్రాల తీరే మారిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు, చక్రాలన్నీ ఒకటే అనుకోవడం. గాఢ నిద్రలో ఎక్కువ భాగం రాత్రి తొలి మూడో వంతులోనే అయిపోతుంది. మొదట కొద్ది నిమిషాలే ఉండే రెమ్, తెల్లవారేసరికి అరగంట దాకా పెరగవచ్చు. చివరి గంట కోసేస్తే పోయేది ఎక్కువగా ఆ రెమ్మే.

"మధ్యలో లేస్తే రోజంతా మత్తు" అన్నదీ నిలవదు. గాఢ నిద్రలో లేపితే మత్తు ఎక్కువన్నది నిజమే, కానీ మామూలుగా అది అరగంటలో తగ్గిపోతుంది. ఏడో గంటకల్లా గాఢ నిద్ర దాదాపు అయిపోయి ఉంటుంది కూడా. నిద్ర చాలనివాళ్లకే ఆ మత్తు ఎక్కువ.

స్మార్ట్‌వాచ్ సరైన క్షణం చూసి లేపుతుందంటారు. అది చూసేది కదలికలు, నాడి వేగం. నిద్ర దశలను కచ్చితంగా చెప్పే మెదడు తరంగాలను కాదు.

ఇక "ఆరు చాలు" అన్న మాట. 2003లో వెలువడిన ఒక ప్రయోగంలో కొందరిని 14 రోజుల పాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ల ఏకాగ్రత, రాత్రంతా అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. తమకు మాత్రం అంత నిద్రమత్తుగా ఏమీ లేదనే చెప్పారు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘాలు 2015లో సిఫారసు చేశాయి. ఆ ఏడో గంట ఏ దశలో ముగిసినా సరే, వదులుకోకండి.