తిక్కనగారికి టికెట్ ఇవ్వలేదు

ఉచితంగా వెబ్‌సైట్లు కట్టిచ్చే ఒకానొక సంస్థ మీద నెల్లూరులో కొందరు నోరు పారేసుకుంటున్నట్టు నా దృష్టికి వచ్చింది. వాళ్ళ కస్టమర్ సపోర్టు పలకదట, పలికినా పని జరగదట. ఆ కొందరిలో ఒకడు మా బామ్మర్ది, రెండోవాణ్ణి నేను. మూడోవాడు అప్పటికింకా దొరకలేదు. అయినా న్యాయం న్యాయమే కాబట్టి ఆ సంస్థ తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. దానమిచ్చిన గోవుకు పళ్ళెంచకూడదన్నారు పెద్దలు. మేము పళ్ళెంచలేదు. పాలు పితకబోతే తోక చేతికిచ్చి, పొదుగు ప్రీమియం ప్లానులో ఉంటుందన్నారు, అంతే.

మా బామ్మర్దిది ఉదయగిరి. దుర్గం కొండ కింద ఆ ఊళ్ళో నర్ది, బిక్కి, దేవదారి చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన సరుకు. "బావా, అమెరికావోళ్ళు చెక్క గరిటెలంటే పడి చస్తారంట. ఒక సైటు పెట్టిచ్చు" అన్నాడు. నాకు కంప్యూటరు తెలుసన్నది మా అత్తగారింట్లో చాలాకాలంగా ఉన్న అపోహ. ఒంగోలు గిత్త పంతొమ్మిదో శతాబ్దంలోనే, ఏ సైటూ లేకుండా, ఓడెక్కి బ్రెజిల్ చేరిందనీ, అక్కడ దాని సంతతి ఇవాళ్టికీ దేశమంతా మేస్తున్నదనీ చెప్పి తప్పించుకోబోయాను. (అక్కడ దాని పేరు 'నెలోర్'. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. గొడ్డు మాది, పేరు మీదా అని ఒంగోలు మిత్రులు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.) "గొడ్డుకు కాళ్ళున్నాయి బావా, గరిటెకు లేవు గదా" అన్నాడు మా వాడు. నోరు మూసుకుని సైటు మొదలుపెట్టాను.

ఉచిత సైటంటే ఇల్లరికం. ముందు మా గరిటెల పేరు, చుక్క పెట్టి వెనకాల వాళ్ళ కంపెనీ పేరు. ఇంటిపేరు వాళ్ళదే. పేజీ అడుగున వాళ్ళ బోర్డు, మా బోర్డు కంటే పెద్దది. పక్కన ప్రకటనలు, అదీ నాన్‌స్టిక్ పెనాలవీ, స్టీలు గరిటెలవీ. చెక్క గరిటెల కొట్టు గుమ్మంలో స్టీలు గరిటెలవాడు గంప దించుకుని కూర్చున్నాడన్నమాట. వాడికి అద్దె లేదు, మాకూ లేదు, కాబట్టి సమానత్వమే.

ఇంతవరకూ పేచీ లేదు. సైటు తెరిచిన మూడో రోజు తెలుగు విడిపోయింది. పైన పెద్దక్షరాల్లో రాసిన "ఉదయగిరి చెక్క గరిటెలు"లో గుళ్ళు ఎగిరిపోయాయి, ఎత్వాలు ఒక్కొక్కటీ చుక్కల సున్నా ఒకటి వెతుక్కుని దాని నెత్తినెక్కాయి, క వత్తు కిందికి దిగనని పక్కన నిలబడింది. మా బామ్మర్ది ఫోనులోనైతే అవి కూడా లేవు, వరసగా డబ్బాలు. "బావా, గరిటెలు అమ్ముతున్నామా, అగ్గిపెట్టెలా?" అని ఫోను చేశాడు. ప్రపంచ లిపులన్నిటి అక్షరాలకూ కంప్యూటర్లలో నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది, ఏకంగా 128 గదుల ఇల్లు. ఆ ఇంటి తాళంచెవి ఈ కంపెనీవారి దగ్గర లేదు.

సపోర్టు గడప తొక్కాను. మొదట ఎదురొచ్చింది మనిషి కాదు, బాట్. నవ్వు ముఖం, ముద్దుపేరు. "మీ సమస్య ఎంచుకోండి: బిల్లు కట్టడం, ప్లాను పెంచుకోవడం, ఇంకా పెంచుకోవడం." నాలుగోది లేదు. అక్షరాలు విడిపోయాయని రాశాను. "మీ అక్షరాలు విడిపోయాయని మీరు అంటున్నారు. అవునా?" అంది. అవునన్నాను. "అవునని మీరు అంటున్నారు. ఇంకేమైనా సాయం కావాలా?" అంది. దీని వంశవృక్షం గొప్పది. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎమ్.ఐ.టి.లో ఎలైజా అని ఒక ప్రోగ్రామ్ రాశాడు. మనం అన్నమాటనే ప్రశ్నగా తిప్పి అడగడం దాని విద్య. మనుషులు దానికి మనసు విప్పి చెప్పుకుంటున్నారని చూసి ఆయనే బెదిరిపోయాడు. పాపం, బెదరాల్సింది ఆయన కాదు, నేను.

బాట్‌ని దాటితే మనుషులున్నారు. అయితే వాళ్ళ పని వేళలు పసిఫిక్ కాలమానం ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. బంగాళాఖాతం ఒడ్డున కూర్చున్నవాడికి పసిఫిక్‌తో ఏం పనని అడక్కూడదు. వేసవిలో లెక్క చూస్తే మనకది రాత్రి 9:30 నుంచి తెల్లారి 5:30. నెల రోజులు డాబా మీద, దోమల మధ్య, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని జాగారం చేశాను. మా ఆవిడ మొదట అనుమానించింది, తర్వాత తొంగిచూసింది, ఆ తర్వాత జాలిపడి పల్లీలు వేయించి పెట్టింది.

మనుషులు మర్యాదస్తులు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. "మీ ఓపికకు ధన్యవాదాలు" అని మొదలుపెడతారు, ఓపికంటూ ఒకటి నాకుందని ముందే రూఢి చేసుకున్నట్టు. కాష్, అంటే బ్రౌజరు దాచుకున్న పాత పేజీలు, తుడవమన్నారు, తుడిచాను. వేరే బ్రౌజరులో చూడమన్నారు, మూడింటిలో చూశాను. స్క్రీన్‌షాట్ పంపమన్నారు, పంపితే పెద్దదయిందన్నారు, చిన్నది చేసి పంపితే అక్షరాలు కనబడ్డం లేదన్నారు. "కనబడకపోవడమే కదండీ సమస్య!" అన్నాను. "సమస్యను గుర్తించినందుకు ధన్యవాదాలు" అని వాడు వెళ్ళిపోయి ఇంకొకడు వచ్చాడు. వచ్చినవాడు కాష్ తుడవమన్నాడు. అట్లా ఏడుగురు మారారు, ఏడుగురికీ మొదటి నుంచి కథ చెప్పాను. హరికథ చెప్పేవాళ్ళకైనా మధ్యలో ఒక పాట ఉంటుంది. ఆఖరివాడు సత్యం పలికాడు: "పేజీని ఇంగ్లీషులో పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు."

ఇక టికెట్ల సంగతి. టికెట్టంటే మన ఫిర్యాదుకు వాళ్ళిచ్చే నంబరు. ఆరు టికెట్లు నా పేరున తెరిచారు, ఆరూ వాళ్ళే మూశారు. అర్ధరాత్రి రెండింటికి ఒక ప్రశ్న పంపుతారు. నేను నిద్రపోతాను. మీ నుంచి జవాబు రానందున సమస్య పరిష్కారమైనట్టు భావిస్తున్నాం అని మర్నాడు ఉత్తరం. ఇందులో లోతైన తత్వముంది. వాళ్ళు తీర్చేది సమస్యను కాదు, అడిగేవాణ్ణి. అడిగేవాడు అలిసిపోతే సమస్య ఎవరిదని?

మన నెల్లూరు మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు తిక్కనగారు ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుణ్ణి ఒప్పించి, సైన్యంతో సింహాసనం తిరిగి ఇప్పించాడని చెబుతారు. ఆ కథ ఇప్పుడు చదివితే నాకు ఆశ్చర్యం కలిగేది సైన్యం గురించి కాదు. ఒక్కసారి చెబితే విన్నారా! నంబరివ్వలేదా! రాజ్యాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టి చూశారా అని అడగలేదా! పదిహేను పర్వాలు ఆ చేత్తో ఎట్లా రాశాడో ఇప్పుడర్థమైంది, టైమంతా మిగిలింది కాబట్టి.

ఉచితం శాశ్వతమూ కాదు. 1994లో పుట్టిన జియోసిటీస్‌లో జనం లక్షల సైట్లు కట్టుకున్నారు. 1999లో యాహూ కొంది, 2009లో మూసేసింది. సోమశిల ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్ళకు పరిహారమన్న మాటైనా వినబడింది.

ఈ లోపల మా బామ్మర్ది గరిటెల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టాడు. బెంగుళూరు నుంచి ఎవరో నలభై గరిటెలు అడిగారు. అది వేరే విషయం. నాకు పట్టుదల వచ్చేసింది.

మొహర్రం వచ్చింది, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ. బారాషహీద్ దర్గా దగ్గర నీళ్ళలో నిలబడి కోరిక పేరు చెప్పి రొట్టె అడుగుతారు. అదే కోరిక అంతకుముందు తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అని అందరూ పిలుస్తుంటే నేనూ మోకాలి లోతులో దిగి "వెబ్‌సైటు రొట్టె! వెబ్‌సైటు రొట్టె!" అని కేకేశాను. పక్కనున్న పెద్దావిడ, "ఏం జబ్బు నాయనా అది?" అంది.

అరగంటకు ఒక కుర్రాడు నీళ్ళు తోసుకుంటూ వచ్చాడు. "అన్నా, ఉచిత సైటేనా?" అని కంపెనీ పేరు చెప్పాడు. అదే. మా మూడోవాడు! కౌగిలించుకున్నంత పనిచేసి, "నీ సైటు బాగైందా తమ్ముడూ?" అన్నాను.

"లేదన్నా. పోయినేడు మొక్కుకున్నా. ఈ ఏడు అకౌంటు తీసేశారు. ఎంత హాయిగా ఉందో!"

రొట్టె కళ్ళకద్దుకుని అక్కడే తిన్నాను. ఇంటికొచ్చి సెట్టింగులు తెరిచి, అకౌంటు తొలగించే బొత్తాం వెతికి, నొక్కాను. తొలగింపు కోసం సపోర్టును సంప్రదించమనీ, నా ఏడో టికెట్ నంబరు ఫలానా అనీ వచ్చింది.

రాత్రి తొమ్మిదిన్నరకు అలారం పెట్టుకున్నాను. మా ఆవిడ పల్లీలు వేయిస్తోంది.