పొదుపు పాఠాలు

"ఈ జీతంతో క్రిస్మస్‌కి అంత ఖర్చెందుకు?" అని అడిగేవాళ్లే, పిల్లలకి పాత బట్టలు వేస్తే "అయ్యో, కొత్తవి కొనలేదా?" అంటారు. ఏం చేస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయో!

చట్టం చెప్పిన కనీస బోనస్ ఏడాది జీతంలో 8.33 శాతం. మా ఆయనకి అది దీపావళికే ఇచ్చేశారు. నవంబర్ వానల్లో పిల్లాడి జ్వరానికీ, ఆటోలకీ హరించుకుపోయింది. డిసెంబర్ 25 అంటే నెలాఖరు. చెన్నైలో అద్దె కట్టి బతికేవాళ్లకి అప్పుడు చేతిలో ఏముంటుంది?

టీ నగర్ రంగనాథన్ వీధిలో పాప గౌనుకి 900 చెప్పి, బేరమాడితే 650కి దిగాడు. ఇంటికొచ్చేలోపే చమ్కీలు కవరు నిండా రాలాయి. స్టార్, కేకు, చర్చిలో కానుక సరే, పక్కింటికి బిర్యానీ పంపొద్దంటారేంటి? దీపావళికి వాళ్లు డబ్బా నిండా స్వీట్లు పంపారు కదా! ఖాళీ డబ్బా తిరిగివ్వనా?

నిన్న మా ఆడపడుచు ఫోన్ చేసి "పొదుపుగా ఉండు వదినా" అని అరగంట చెప్పింది. పెట్టేసే ముందు, పండగ మర్నాడు ఆరుగురం భోజనానికి వస్తున్నాం, మటన్ చేయమంది.