ఉమ్మే గిన్నె లేని లోటు

గోదావరి డెల్టా ఎందుకు వెనకబడిందో నాకు కాలిఫోర్నియాలో తెలిసింది. మా అల్లుడు నన్ను హీల్డ్స్‌బర్గ్ అనే ఊరికి తీసుకెళ్లాడు. మొత్తం పన్నెండు వేల మంది కూడా లేని ఊరు. నడిబొడ్డున ఒక చిన్న తోట, దాని చుట్టూ వైన్ రుచి చూపించే గదులు. రావులపాలెంలో అరటి గెలలు ఎలా కనిపిస్తాయో అక్కడ సీసాలు అలా కనిపిస్తాయి.

లోపల అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఎవరికో ఒంట్లో బాగాలేదనుకున్నాను. మనిషికి 40 డాలర్లు పుచ్చుకుని, ఉద్ధరిణెతో తీర్థం ఇచ్చినంత పోశారు. గ్లాసు గిరగిరా తిప్పమన్నారు. తిప్పాను, సగం చొక్కా తాగింది. మిగిలిన సగంలో చెర్రీ, మిరియం, పాత తోలు వాసనలు వస్తాయట. పాత తోలుకే అయితే నా చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. పక్కన ఒక గిన్నె పెట్టారు. రుచి చూశాక అందులో ఉమ్మేయాలట!

"అది నేల రుచి, మామయ్యగారూ" అన్నాడు అల్లుడు భక్తిగా.

నేల రుచా? గౌతమి, వసిష్ఠ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు మీద మా తాటిచెట్లు నిలబడి ఉన్నాయి. వాళ్ల సీసా మీద సంవత్సరం వేస్తారు, మన కల్లు లొట్టి మీద గంట వేయాలి. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యన. గాలిలోని ఈస్టు ఊరుకోదు కనుక ఎండెక్కేసరికి పులుపు, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి వెనిగర్ దారి. వైన్‌కు ఏళ్లు పట్టే జీవితయాత్ర ఇక్కడ ఒక్క రోజులో ముగుస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అసలు పులియదు, నీరాగానే నిలుస్తుంది. ఇన్ని దశలున్న పానీయానికి మనం పెట్టిన వర్ణన ఏమిటి? "బాగుంది", "బాగోలేదు". రెండే!

1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. కాబట్టి ఈతకల్లుకూ తాటికల్లుకూ అలాంటి పోటీ ధవళేశ్వరం గట్టు మీద పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసి వెళ్లాడు, న్యాయనిర్ణేతలకు నీడ సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

ఊరికి రాగానే ఈ పథకం కాలవగట్టు మీద గీత కార్మికుడికి వివరించాను. ఆయన మోకు విప్పుకుంటూ విన్నాడు. తాటాకు మడిచి పట్టుకోమన్నాడు, లొట్టి వంచాడు, నురగలో ఈదుతున్న చీమను చిటికెనవేలితో తీసి పారేశాడు. మనిషికి 3,000 రూపాయలకు పైనే వస్తాయని చెప్పాను. తల ఊపాడు. గిన్నె సంగతి కూడా చెప్పాను.

వంచిన లొట్టి నిలబెట్టేశాడు.

"ఉమ్మేసేవాళ్లకైతే నేను పోయనండి."