కౌన్సెలింగ్ గదిలో పరీక్ష ఎందుకు?

హార్మోన్ చికిత్సకో శస్త్రచికిత్సకో సిఫార్సు లేఖ కావలసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి కౌన్సెలర్ ఎదుట ఏం చెబుతారు? నిద్ర పట్టడం లేదనీ, చచ్చిపోవాలనిపిస్తోందనీ మాత్రం చెప్పరు. చెబితే లేఖ ఆగిపోతుందని భయం. ఊహ తెలిసినప్పటి నుంచీ తనకు సందేహమే లేదని అప్పజెప్పిన పాఠంలా వినిపిస్తారు. లేఖ చేతికొస్తుంది, అసలు బాధ గుమ్మం బయటే ఉండిపోతుంది. ఆదుకోవలసిన మనిషికే అర్హత తేల్చే అధికారమూ ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఆ అధికారానికి శాస్త్రంలో ఉన్న ఆధారం ఇప్పటికే సడలింది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం రుగ్మతల గ్రంథం డీఎస్ఎం-5 ‘జెండర్ ఐడెంటిటీ డిజార్డర్’ (గుర్తింపు రుగ్మత) అన్న పేరు తీసేసి ‘జెండర్ డిస్ఫోరియా’ (పుట్టినప్పుడు రాసిన లింగానికీ తన గుర్తింపుకూ పొసగక కలిగే వేదన) అంది. వేదనకే వైద్యం, గుర్తింపుకు కాదన్నమాట. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచే తప్పించింది. పెద్దవారికి లేఖ అవసరమైన చోట ఒక్కటి చాలనీ, చికిత్సకు ముందు కౌన్సెలింగ్ తప్పనిసరి చేయరాదనీ అదే ఏడాది ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య నిపుణుల ప్రపంచ సంఘమైన డబ్ల్యూపాత్ ప్రమాణాలు చెప్పాయి. కాబట్టి లేఖ రాసేవారు వేరు, మనసు వినేవారు వేరుగా ఉండాలి. ఇద్దరు దొరకని చోట మొదటి రోజే తేల్చి చెప్పాలి: కుంగుబాటు ఉన్నంత మాత్రాన లేఖ ఆగదని.

గదిలోకి రాకముందే చెడేవీ ఉన్నాయి. రిసెప్షన్‌లో గుర్తింపు కార్డు మీది పాత పేరు గట్టిగా పిలిస్తే ఆ మనిషి మళ్లీ రారు. ఫారంలో పిలిచే పేరుకు వేరే గడి ఉండాలి. ఫోన్ చేస్తే ఏ పేరు అడగాలో, సందేశం పంపవచ్చో లేదో కూడా రాయించుకోవాలి. తెలుగులో ఇంకో ఇబ్బంది: ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియే లింగం చెప్పేస్తుంది. ఆడ, మగ అన్న రెండు గడుల్లో ఇమడని నాన్‌బైనరీ వ్యక్తుల కేసు నోట్సుకు ‘వారు వచ్చారు’ అనే గౌరవవాచకం చక్కగా పనికొస్తుంది (మన భాష ముందే ఇచ్చిన వెసులుబాటు). వారిని ‘చివరికి ఎటువైపు?’ అని అడగడం మాత్రం మానాలి. ఎటూ కాకపోవడమే వారి జవాబు.

పరీక్షలో తప్పిన బాధనూ, తల్లి పోయిన దుఃఖాన్నీ జెండర్‌కే ముడిపెట్టడం ఒక పొరపాటు. దానికి ఎదురు పొరపాటు ఇంకా లోతైనది. నెగెటివ్ ఆలోచనలను ప్రశ్నించి సరిచేసే సీబీటీ పద్ధతిని యథాతథంగా వాడి, ‘బస్సులో అందరూ నన్నే చూస్తారు’ అన్నదాన్ని వక్రమైన ఆలోచనగా రాసుకుంటారు. నిజంగానే చూస్తుంటే? పరిశోధకుడు ఇలన్ మేయర్ 2003లో వివరించిన మైనారిటీ ఒత్తిడి నమూనా (వివక్షకు గురయ్యే సమూహాల మీద అదనంగా పడే ఒత్తిడి గురించి) ఇక్కడ దారి చూపుతుంది. జరిగిన అవమానం, జరుగుతుందేమోనన్న కాపలా, దాచుకోవడం, తన మీద తనకే పుట్టే రోత, ఈ నాలుగూ వేర్వేరు. మొదటిదానికి కావలసింది భద్రత, తోటివారి అండ, వీలైతే ఫిర్యాదు. ఆలోచన మార్చే పని చివరిదానికే ఎక్కువ నప్పుతుంది.

కుంగుబాటు కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక మరే అంకె వచ్చినా, మొత్తం స్కోరు తక్కువే అయినా, అప్పటికప్పుడు విడిగా మాట్లాడాలి. హెచ్చరిక సంకేతాలు, తనంతట తాను చేసుకోగలిగినవి, కలవదగిన మనుషులు, సాయం అడగదగిన వారు, నిపుణుల నంబర్లు, ప్రమాదకర వస్తువుల తొలగింపు అనే వరుసలో భద్రతా ప్రణాళిక రాయించాలి. సాయం చేసేవారి చోట అలవాటుగా ‘అమ్మానాన్న’ అని నింపేస్తుంటారు. ఈ విషయంలో ఆ ఇల్లే ప్రమాదం కావచ్చు. రాసిన ప్రతి పేరు పక్కనా ఇంకో సంగతి ఉండాలి: వచ్చిన మనిషి వారికి ఏ పేరుతో తెలుసు, ఎంతవరకు తెలుసు. లేకుంటే అర్ధరాత్రి ప్రాణం కాపాడబోయిన ఫోన్ కాలే రహస్యాన్ని ఇంట్లో బయటపెడుతుంది.