నిద్ర ఒక్కటే చాలదు
అలసట గురించి మీరు వేసిన వ్యాసంలో, రాత్రి 8 గంటలు నిద్రపోతే అది పోతుందని రాశారు. ఇంట్లో రోగి ఉన్నవారికి ఆ మాట సరిపోదండి. మా అత్తగారికి కిడ్నీలు పనిచేయక డయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుద్ధి చేయిస్తున్నాం. వారానికి మూడుసార్లు కనిగిరి నుంచి పొదిలి మీదుగా ఒంగోలుకు బస్సులో తీసుకెళ్తాను. ప్రతిసారీ 4 గంటలు బయట బల్ల మీద కూర్చోవాలి. ఒంట్లో నీరు చేరకుండా, ఆమె తాగే నీళ్లకు సీసా మీద పెన్నుతో గీత గీసి, అది దాటకుండా చూడటమూ నా పనే. నాకు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా దిగులు వల్లే అనుకున్నాను. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8! ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఐరన్ మాత్రలతో కొంత నయం. అసలు తేడా మాత్రం శనివారం ప్రయాణం మా మరిది తీసుకున్నాకే తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని వేడివేడిగా అన్నం తింటున్నాను.