ఒక గంటా పదిహేను నిమిషాల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఒక గంటా పదిహేను నిమిషాల వారికి,

హైదరాబాద్ - విశాఖ టికెట్టు మీద చిన్న విమానం బొమ్మ కింద ప్రయాణ సమయమంటూ కొలువుదీరి ఉంటారు కదా, తమరే. తమరిని నమ్ముకుని మా మేనకోడలి తాంబూలాలకి బయల్దేరాం. మేనమామని నేను. మేం మధురవాడలో దిగేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయింది, భోజనాలు అయ్యాయి, షామియానా విప్పుతున్నారు.

మియాపూర్ నుంచి శంషాబాద్‌కి క్యాబ్ వాడు గుంజింది, బెల్టు విప్పించి చేసిన సన్మానం, అక్కడి ఇడ్లీ రేటు... ఇవన్నీ వదిలేస్తున్నాను. నా గొడవ తమరితోనే.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఆకాశంలో సుమారు 510 కిలోమీటర్లు. ఆ జెట్టు గంటకి 800 పోగలదు. అంటే ముప్పావు గంట కూడా పట్టని పని. రన్‌వే దాకా పాకడానికి, ఎక్కి దిగడానికి, కాస్త ముందుజాగ్రత్తకి అని మిగతాది తమరే కలుపుకున్నారు. కలుపుకోండి. ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా, అదీ తమ లెక్క. మరి అసలు గేటు వదలకపోతే? తమ గడియారం మొదలే కాదు! సంక్రాంతి దాకా కూర్చోబెట్టినా తమరు గంటంబావే.

మొన్న ముందు నలభై నిమిషాలు లేటన్నారు. అవి అయ్యాక ఇంకో నలభై. ఆ తర్వాత ముప్పై. రావాల్సిన విమానం ఎక్కడి నుంచో రాలేదట. మొత్తం గంటా యాభై నిమిషాలు. ఇంత చిన్న ప్రయాణానికి ఆలస్యం రెండు గంటలకి చేరితే తిండి పెట్టాలని విమానాల మీద అజమాయిషీ చేసే డీజీసీఏ రూలు. పది నిమిషాల తేడాలో ఉప్మా ఎగ్గొట్టారు. ఆ గురి చూసి నాకే ముచ్చటేసింది.

చెల్లెలు ఫోన్ మీద ఫోన్. "ఎక్కడున్నావన్నయ్యా? పంతులుగారు తొందరపెడుతున్నారు." ఏం చెప్పను? ఇంకా నేల మీదే ఉన్నానమ్మా అన్నాను. అవతల మా తోడల్లుడు ముందురోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి, స్నానం చేసి, నా బదులు పీటల పక్కన కూర్చున్నాడు. ఆ బండి పన్నెండు గంటల పైనే పడుతుందని మొహం మీదే చెప్తుంది. నీలా కాదు.

అవును, నువ్వే! తీరా ఎక్కి కూర్చున్నాక మైకులో ఏమన్నారో తెలుసా? "మన ప్రయాణ సమయం ఒక గంటా పదిహేను నిమిషాలు." సిగ్గుందా నీకు? పొద్దున ఆరింటికి ఇంట్లో గొళ్ళెం పెట్టినవాణ్ణి, మధ్యాహ్నం అక్కడ చల్లారిన పులిహోర తిన్నవాణ్ణి. ఇందులో నీ గంటంబావు ఏ మూలకి?

తిరుగు ప్రయాణానికి గోదావరి చూశాను. వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. నోరు మూసుకుని నీకే వెబ్ చెక్ఇన్ చేశాను. కిటికీ సీటుకి విడిగా డబ్బులడిగావు. కట్టాను.

ఇట్లు,
ఓ మేనమామ