చెన్నై మేయరుకు ఊరి మీద ఉన్న అధికారమెంత?

గత వర్షాకాలంలో మా పాత వాషర్‌మెన్‌పేట వీధి మూలనున్న వాననీటి కాలువలోకి మురుగు చేరి పొంగడంతో, మూడు వారాల పాటు పిల్లలు వరుసగా పేర్చిన ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ బడికి వెళ్ళారు. ఫిర్యాదుతో ఒక కార్యాలయానికి వెళితే, వాన నీరైతే తమది గాని మురుగు తమది కాదన్నారు. రెండో కార్యాలయంలో, పగిలింది కాలువ గోడ కనుక తమకు సంబంధం లేదన్నారు. ఇంటికి తిరిగి వచ్చాక పక్కింటి పెద్దమ్మ ఒకే మాట అన్నారు: "మేయరమ్మను అడుగు నాయనా, ఊరికి పెద్ద ఆవిడే కదా."

ఆవిడ మాట న్యాయమైనదే. ఊరికి పెద్ద అనిపించుకున్నవారికి ఆ కాలువను బాగుచేయించే అధికారం ఎందుకు లేదన్నదే నా బాధ.

ఈ పదవి వయసు మూడు వందల ముప్పై ఏళ్ళకు పైమాటే. 1687 డిసెంబరులో వెలువడిన చార్టరు, అంటే అధికార పత్రం ప్రకారం 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషన్ ఏర్పడింది. మేయరు, పన్నెండు మంది ఆల్డర్మన్లు (పెద్ద సభ్యులు), అరవై మంది బర్జెస్‌లు (పౌర ప్రతినిధులు) అందులో సభ్యులు. తొలి మేయరు నెథానియల్ హిగ్గిన్సన్. ఈస్టిండియా కంపెనీని నడిపిన జోసయా చైల్డ్ ఉద్దేశం దాపరికం లేనిది: కోట నుంచి దొరలు పన్ను వేస్తే జనం ఎదురు తిరుగుతారు, తమవాళ్ళే కూర్చుని వేసుకుంటే కడతారు. అంటే పన్ను వసూలుకు ఊరివాళ్ళ ముఖం కావలసివచ్చి పుట్టిన పదవి ఇది. ముఖం ఊరిదిగా, పెత్తనం పైవాళ్ళదిగా ఉండే ఆ ఏర్పాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదని నా నమ్మకం.

అయినా ఎన్నికైన మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే ఏం జరుగుతుందో మన తెలుగువారే ఒకరు చూపించారు. 1919 నాటి నగరపాలక చట్టం వచ్చాక నగరపాలక మండలికి ఎన్నికైన తొలి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. అప్పట్లో మేయరు అనే పేరు లేదు, అది 1933లో తిరిగి వచ్చింది. ఆయన హయాంలో, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని మండలి తీర్మానించింది. ఒక్కో పిల్లవాడికి రోజుకు అణాకు మించకూడదని లెక్క కూడా కట్టింది. ఖాళీ కడుపుతో బడికి వస్తున్న పిల్లలను దగ్గర నుంచి చూసినవాళ్ళకే తట్టే ఆలోచన అది. కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ భవనం ముందు ఆయన విగ్రహాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ అణా లెక్కే గుర్తుకు వస్తుంది.

అలాంటి మండలిని 1973లో రద్దు చేసి, ఇరవై మూడేళ్ళు ఎన్నికలు లేకుండా అధికారులతో నడిపారు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చి, మండలి గడువు ముగిసేలోగానే ఎన్నికలు జరపాలని కట్టడి చేశాక, 1996లో ఓటర్లు నేరుగా మేయరును ఎన్నుకున్నారు. కాని 2016 అక్టోబరులో మళ్ళీ మండలి గడువు ముగిసింది. ఎన్నికల ప్రకటన హైకోర్టులో ఆగిపోవడం, వార్డుల పునర్విభజన, వ్యాజ్యాలు అన్నీ కలిసి 2022 ఫిబ్రవరి వరకు ఈ మహానగరానికి కౌన్సిలరు అనేవాడే లేకుండా పోయాడు. రాజ్యాంగం అంత స్పష్టంగా చెప్పిన తరువాత కూడా ఐదేళ్ళకు పైగా మన వార్డులకు నోరు లేకుండా చేయడం క్షమించరాని తప్పని నేను గట్టిగా అంటాను.

2022 మార్చిలో ఇరవై ఎనిమిదేళ్ళ ఆర్. ప్రియ మేయరయ్యారు. తారా చెరియన్, కామాక్షి జయరామన్‌ల తరువాత ఆమె మూడో మహిళ, తొలి దళిత మహిళ. ఆ రోజు నేను నిజంగా సంతోషించాను. కాని 200 వార్డులు, సుమారు 426 చదరపు కిలోమీటర్లు ఉన్న నగరంలో ఆమె చేతికి వచ్చినదేమిటి? మండలి సమావేశాలకు అధ్యక్షత వహించడం మేయరు పని. కార్యనిర్వహణ అంతా రాష్ట్ర ప్రభుత్వం నియమించే కమిషనరుది. మంచినీరు, మురుగు 1978లో ఏర్పడిన వేరే బోర్డుకు పోయాయి, నగర ప్రణాళిక ఇంకో సంస్థ దగ్గర ఉంది. పైగా 2019 నవంబరు నాటి ఆర్డినెన్సుతో మేయరును మనం నేరుగా ఎన్నుకునే హక్కు కూడా పోయింది, కౌన్సిలర్లే ఎన్నుకుంటారు. మా వీధి మురుగు రెండు కార్యాలయాల మధ్య ఇరుక్కుపోయింది కింది ఉద్యోగుల సోమరితనం వల్ల మాత్రమే కాదు, చట్టమే ఊరిని అలా ముక్కలు చేసి పంచింది.

ఇక్కడి మన తెలుగువాళ్ళతో ఒక మాట చెప్పాలి. అమరావతిలో, హైదరాబాదులో ఏ మంత్రి ఏమన్నాడో మనకు రాత్రికి రాత్రి తెలుస్తుంది. మన వార్డు నంబరు మాత్రం చాలామందికి తెలియదు. ఆస్తి పన్ను కట్టేది ఇక్కడ, తాగే నీళ్ళు ఇక్కడివి, పిల్లలు తిరిగే వీధి ఇక్కడిది.

మురుగు, మంచినీరు ఎన్నికైన మండలి కిందికి రావాలనీ, గడువు ముగిశాక ఒక్క రోజు కూడా కుర్చీ ఖాళీగా ఉండకూడదనీ రాసి, మా వీధివాళ్ళం నలభై మందిమి సంతకాలు చేసి పోయిన ఆదివారం కౌన్సిలరుకు ఇచ్చాము. అర్జీ తమిళంలో రాశాము. పెద్దమ్మ మాత్రం కళ్ళజోడు తెప్పించుకుని, అందరికంటే పైన, తెలుగులోనే సంతకం చేశారు.